హ్యూగో మీద కాదు, నా కోపం కాంటాక్ట్ ఫారం మీదే

నేను ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్‌ని. చిన్న సంస్థలకు సైట్లు చేసిపెడతాను, పాతబడినవాటికి మరమ్మతులు చేస్తాను. నా సొంత సైట్ హ్యూగోతో నడవబట్టి చాలా ఏళ్లయింది. హ్యూగో అంటే మనం రాసినదాన్ని వెబ్ పేజీలుగా మార్చి, స్టాటిక్ సైట్ తయారుచేసి ఇచ్చే ప్రోగ్రామ్. నేనెవరు, ఏం చేస్తాను, ఇంతవరకు చేసిన పనులు కొన్ని, నన్ను ఎలా పట్టుకోవాలి, అందులో ఉన్నది ఇంతే. హ్యూగో ఎంత వేగమో, ఎలా పెట్టుకోవాలో చాలామంది రాసేశారు కాబట్టి ఆ జోలికి పోను. చెప్పాల్సింది కాంటాక్ట్ ఫారం గురించి, అంటే సైట్‌కి వచ్చినవాళ్లు పేరు, ఈమెయిల్, సందేశం నింపి నాకు పంపే పేజీ గురించి. దాని మీద కోపం నాకింకా తగ్గలేదు.

స్టాటిక్ సైట్ అంటే ముందే తయారై ఉన్న హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు, అంటే వెబ్ పేజీలు. వెనకాల ప్రోగ్రామేదీ నడవదు కనుక హ్యాకింగ్ భయం చాలా తక్కువ, కానీ ఎవరైనా ఫారం నింపితే అందుకునేవాళ్లూ ఉండరు. చాలామందిలాగే నేనూ బయటి ఫారం సర్వీస్ ఒకటి పెట్టుకున్నాను. ఫారం కోడ్‌లో, నింపినది ఎక్కడికి పోవాలో చెప్పే యాక్షన్ దగ్గర వాళ్ల చిరునామా ఇస్తే చాలు, నింపినదంతా మన మెయిల్‌కి వస్తుంది. ఈమెయిల్ గడిలో నా జీమెయిల్ చిరునామా వేసి పరీక్షించాను, వెంటనే వచ్చింది. తర్వాత ఎప్పుడు పరీక్షించినా వచ్చింది.

ఒకరోజు పాత క్లయింట్ ఫోన్ చేశారు. "మావాళ్లకి మీ సైట్ ఇచ్చానండీ. ఫారం నింపి చాలా రోజులైందట, మీ నుంచి ఉలుకూ పలుకూ లేదట. కొత్త పనులు ఒప్పుకోవట్లేదా?" అని. నా మెయిల్‌లో ఏమీ లేదు, స్పామ్‌లోనూ లేదు. ఆ పని అప్పటికే వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

సర్వీస్ డాష్‌బోర్డ్‌లో చూస్తే మాత్రం ఆ సందేశం పక్కన "పంపాం" అని ఉంది. సపోర్ట్‌కి రాస్తే, స్పామ్ ఫోల్డర్ చూసుకోమన్నారు. చివరికి అంతకుముందు సరిగ్గా వచ్చిన మెయిల్ ఒకటి తీసి దాని హెడర్, అంటే ఎవరి నుంచి ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలు, మొత్తం చదివాను. పంపినవాళ్ల పేరుండే ఫ్రమ్ దగ్గర ఫారం నింపిన మనిషి చిరునామా ఉంది! అంటే ఆ సర్వీస్ తన సర్వర్ నుంచి పక్కవాళ్ల పేరుతో మెయిల్ పంపుతోంది.

మెయిల్ పంపేవాళ్ల అసలు సంగతి తేల్చే డీమార్క్ అనే ఏర్పాటు ఉన్నదే ఇలాంటివి ఆపడానికి. తన డొమైన్ పేరుతో వచ్చిన మెయిల్, అది నిజంగా అక్కడిదేనా అని చూసే ఎస్పీఎఫ్, డీకిమ్ పరీక్షల్లో నెగ్గకపోతే ఏం చేయాలో డొమైన్ యజమాని డీఎన్ఎస్‌లో (డొమైన్ వివరాలు అందరూ చూడగలిగే పట్టికలో) రాసిపెడతాడు: వదిలెయ్యండి, స్పామ్‌లో వెయ్యండి, లేదా తిప్పికొట్టండి. నేను పరీక్షించినప్పుడు జీమెయిల్ చిరునామాలకి ఉన్నది మొదటి రకం, అందుకే నా పరీక్షలన్నీ నెగ్గాయి. యాహూ 2014లోనే తిప్పికొట్టమని పెట్టేసింది. మెయిల్ భద్రత పట్టించుకునే కంపెనీలు చాలావరకు అదే దారిలో ఉన్నాయి. నా పాత క్లయింట్ పంపిన మనిషి రాసింది ఆఫీసు చిరునామాతో. మెయిల్ నా సర్వర్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. పోయినట్టు తెలిపే బౌన్స్ కూడా ఆ సర్వీస్‌కే వెళ్లింది, రాసినవాళ్లకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఊరికే పలకరించే జీమెయిల్ సందేశాలన్నీ చేరాయి, డబ్బులిచ్చి పని చేయించుకునే కంపెనీల సందేశాలు పోయాయి. ఎన్ని పోయాయో లెక్క తేల్చే దారి కూడా లేదు. ఫ్రీలాన్సర్ సైట్‌లో నిజంగా పనిచేయాల్సింది ఆ ఒక్క పేజీ. నా కడుపుమంట అందుకే.

ఇప్పుడు నా సైట్ ఉండే హోస్టింగ్‌లోనే, ఫారం నింపినప్పుడు మాత్రం నడిచే చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. ఫ్రమ్‌లో నా డొమైన్ చిరునామా, జవాబు వెళ్లే రిప్లై-టులో ఫారం నింపినవాళ్లది. మెయిల్ పంపేముందే సందేశం డేటాబేస్‌లో పడుతుంది. ఫారం పైన నా మెయిల్ చిరునామా మామూలు లింకుగా పెట్టాను. స్పామ్ కాస్త పెరిగింది, భరిస్తున్నాను. అనుకోని మేలేంటంటే, చాలామంది ఫారం వదిలేసి నేరుగా మెయిలే రాస్తున్నారు. వాళ్ల దగ్గర కాపీ ఉంటుంది, మళ్లీ గుర్తుచేయడానికి వాళ్లకీ సులువు.

స్టాటిక్ సైట్ ఒకసారి పెట్టి మర్చిపోవచ్చని ఒకప్పుడు అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ ఫంక్షన్‌కి ఆలనాపాలనా కావాలి, దాన్ని నడిపే రన్‌టైమ్ పాతబడుతుంది. హ్యూగో కూడా కదలకుండా ఉండేదేం కాదు. 2019లో వచ్చిన 0.60 వెర్షన్‌తో మార్క్‌డౌన్ (పేజీలు రాసుకునే తేలికైన గుర్తుల పద్ధతి) చదివే ఇంజిన్ మారింది. అప్పటినుంచి మార్క్‌డౌన్ మధ్యలో రాసుకున్న హెచ్‌టీఎంఎల్ పేజీలో కనపడాలంటే సెట్టింగ్‌లో ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. అయితే హ్యూగో మొత్తం ఒక్క ఫైలే కావడం పెద్ద ఊరట. పనిచేస్తున్న వెర్షన్‌ని పక్కన దాచుకుంటాను. తీరిక దొరికినప్పుడు కొత్తదానితో సైట్ కట్టి, తయారైన పేజీలుండే రెండు పబ్లిక్ ఫోల్డర్లకీ తేడాలు చూపే డిఫ్ కొట్టి చూశాకే మారతాను.

నా మటుకు నేను హ్యూగో వదలను. పేజీలు తక్కువ, మార్చేది నేనొక్కణ్ణే, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ నాకు అలవాటు. టెర్మినల్ ముట్టుకోని మనిషి వారంవారం మార్పులు చేసుకోవాల్సిన సైటైతే నేనే వర్డ్‌ప్రెస్‌తో చేసిస్తాను. ఫారం సర్వీసులన్నీ ఇలాంటివే అని కూడా అనను, ఫ్రమ్‌లో తమ చిరునామా పెట్టి పద్ధతిగా పంపేవీ ఉన్నాయి. మీది ఏ రకమో తెలియాలంటే ఈమెయిల్ గడిలో యాహూ చిరునామా ఒకటి వేసి పంపి చూడండి. మెయిల్ వస్తే హెడర్‌లో ఫ్రమ్ ఎవరిదో చూడండి. రాకపోతే ఆ సర్వీస్‌ని ఇవాళే తీసెయ్యండి.