టిఫిన్ బదులు షేక్: మొక్కల పొడుల్లో రోజూ తాగగలిగేది ఏది?

ప్రోటీన్ పౌడర్ వేరు, పూట భోజనానికి బదులు తాగే మీల్ రీప్లేస్‌మెంట్ పొడి వేరు. షాపులో రెండూ ఒకే అరలో, ఒకే సైజు డబ్బాల్లో, అవే ఆకుల బొమ్మలతో ఉంటాయి కాబట్టి చాలామంది మొదటిది కొని రెండోదానిలా వాడేస్తారు. 30 గ్రాముల ప్రోటీన్ పొడి నీళ్లలో కలిపి తాగితే వచ్చేది దాదాపు 120 కేలరీలు, అంటే రెండు ఇడ్లీల పాటి. పదకొండు కాకముందే కడుపు కాలిపోతుంది, క్యాంటీన్లో రెండు సమోసాలు లోపలికి పోతాయి, నింద మాత్రం షేక్ మీద పడుతుంది.

పూట భోజనానికి బదులుగా తాగేదానికి ఒక కొలత ఉంది. బరువు తగ్గేవాళ్ల కోసం కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం 1991లోనే చెప్పింది: ఒక పూటకి 200 నుంచి 400 కేలరీలు, అందులో 25 నుంచి 50 శాతం ప్రోటీన్ నుంచి, కొవ్వు నుంచి 30 శాతానికి మించకుండా. లెక్క సులువే. ప్రోటీన్ గ్రాములను 4తో హెచ్చవేసి, మొత్తం కేలరీలతో భాగిస్తే శాతం తెలుస్తుంది. బ్రిటన్ నుంచి వచ్చే హ్యూల్ పొడి 100 గ్రాములకు 400 కేలరీలు, సుమారు 30 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది, అంటే 30 శాతం. అమెరికాలో దొరికే సోయిలెంట్ సీసాలో అవే 400 కేలరీలు ఉన్నా ప్రోటీన్ 20 గ్రాములే, 20 శాతం. కాచావా అనే పొడి రెండు స్కూపులకు 25 గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది కానీ కేలరీలు 240 దగ్గరే ఆగిపోతాయి. శాతంలో కాచావాదే పైచేయి, కడుపు నిండే విషయంలో మాత్రం కాదు. దానితో ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు తింటే తప్ప మధ్యాహ్నం దాకా ఆగదు. రోజువారీ టిఫిన్ స్థానంలో పెట్టాలంటే ఈ మూడింటిలో మా ఓటు హ్యూల్ తరహాకే: ఓట్స్, బఠానీ ప్రోటీన్, అవిసె గింజలు కలిసిన పొడి. సోయిలెంట్ ప్రయాణాల్లో పనికొస్తుంది, కలిపే పని లేదు కాబట్టి.

ప్రోటీన్ ఎక్కడిదన్నది కూడా చూడాలి. ప్రోటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాల్లో లైసిన్ బఠానీలో బాగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. బియ్యం ప్రోటీన్‌ది సరిగ్గా తిరగేసిన కథ. అందుకే రెండూ కలిపిన పొడి మంచిది. మనం పప్పన్నం తినడంలో ఉన్న కిటుకే అది. సోయా అయితే ఒక్కటే సరిపోతుంది. పదార్థాల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి పేరే మాల్టోడెక్స్‌ట్రిన్ (గంజిపిండి నుంచి తీసే పొడి) అయితే డబ్బా కింద పెట్టేయండి, షుగర్ ఉన్నవాళ్లయితే మరీను. పేరులో చక్కెర లేకపోయినా రక్తంలో గ్లూకోజ్‌ను పెంచడంలో అది చక్కెర కంటే వెనకబడదు. పీచు విషయంలో భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్పే 2000 కేలరీలకు 30 గ్రాముల లెక్కన, 400 కేలరీల షేక్‌లో కనీసం 6 గ్రాములు ఉండాలి.

మన దేశంలో కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది పచ్చ చుక్క దగ్గర. అది శాకాహారం అని చెబుతుందే గానీ పాలు లేవని చెప్పదు. పాల నుంచి తీసే ప్రోటీన్లు వే, కేసిన్ రెండూ పచ్చ చుక్కతోనే అమ్ముడవుతాయి. పూర్తిగా మొక్కలదే కావాలంటే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో తెచ్చిన వీగన్ ముద్ర చూడండి, లేదా అలర్జీ వరుసలో పాలు ఉన్నాయేమో వెతకండి. విటమిన్ డి3 మరో మెలిక. మామూలుగా దాన్ని గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీస్తారు; శిలీంధ్రం, నాచు కలిసి పెరిగే లైకెన్ నుంచి తీసినదని రాసి ఉంటేనే వీగన్. డి2 అయితే ఈ తంటా లేదు.

ఇక కలపడం. డబ్బా బాగోలేదనే ఫిర్యాదుల్లో చాలా నిజానికి కలపడంలో వచ్చినవే. షేకర్ సీసాలో పొడి ముందు వేసి పైన నీళ్లు పోస్తే అడుగున మూలల్లో పొడి ముద్ద కట్టి, కలపడానికి లోపల వేసే స్ప్రింగు గోళీకి కూడా అందదు. ముందు 300 మి.లీ. చల్లటి నీళ్లు, తర్వాత గోళీ, తర్వాత పొడి, మూత, పది పదిహేను సెకన్లు గట్టిగా ఊపడం. ఇప్పుడు ఇంకో 100 నుంచి 150 మి.లీ. నీళ్లు పోసి మళ్లీ ఊపి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ పది నిమిషాల్లో ఓట్స్ పిండి నీళ్లు పీల్చుకుంటుంది, అవిసె జిగురు విడుస్తుంది, నాలుక మీద గరగర తగ్గుతుంది. రాత్రే కలిపి పెడితే రుచి ఇంకా నయం, కాకపోతే జావలా చిక్కబడుతుంది, 50 మి.లీ. నీళ్లు అదనంగా పోసి పెట్టుకోండి. ఆఖరి గుక్కలో ఇసకలా తగిలేది కల్తీ కాదు, నీళ్లలో కరగని క్యాల్షియం లవణం. ఆ గుక్కనే పారబోస్తే డబ్బా మీద రాసిన క్యాల్షియంలో కొంత సింకు పాలైనట్టే. చివర్లో కాసిని నీళ్లు పోసి కడిగి తాగేయాలి.

వేడి నీళ్లు, వేడి పాలు వద్దు. పిండి ఉండలు కడుతుంది, విటమిన్ సి దెబ్బతింటుంది, మూత బిగించి ఊపితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చొక్కా మీద పడుతుంది. తాగిన షేకర్‌ను బ్యాగులో సాయంత్రం దాకా వదిలేస్తే మూతలోని రబ్బరు వాషర్ కింద పట్టే వాసన సబ్బుకు లొంగదు. వాషర్ ఊడదీసి, వంటసోడా కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టాలి.

మొదటి వారం కడుపు ఉబ్బరం, గ్యాస్ మామూలే. ఇన్నాళ్లూ తినని పీచు ఒక్కసారిగా పడితే పేగు గొణుగుతుంది. మొదటి నాలుగు రోజులు సగం కొలతతో మొదలుపెట్టి, దాన్ని కూడా పావుగంట సేపు నెమ్మదిగా తాగండి. రెండు వారాలైనా తగ్గకపోతే పీచు కోసం కలిపే ఇన్యులిన్, చికోరీ వేరు లేని పొడికి మారండి. షేక్ తాగిన వెంటనే టీ, కాఫీ వద్దు. షేక్‌లోని ఐరన్‌ను అవి ఒంటికి పట్టనివ్వవు. గంట ఆగాలి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. పరగడుపున మాత్ర, అరగంటకి షేక్ అన్న అలవాటు మందును పాడుచేస్తుంది. షేక్‌లోని క్యాల్షియం, ఐరన్, సోయా మూడూ ఆ మందును అడ్డుకుంటాయి. క్యాల్షియం, ఐరన్‌లకు నాలుగు గంటల ఎడం కావాలి కాబట్టి షేక్‌ను పొద్దున టిఫిన్ నుంచి సాయంత్రానికి మార్చుకోవడమే తేలిక. రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు విటమిన్ కె వల్ల, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం, ఫాస్ఫరస్ వల్ల డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

సీసం (లెడ్ అనే విష లోహం) సంగతి దాచిపెట్టి లాభం లేదు. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2025లో 23 ప్రోటీన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, మూడింట రెండు వంతులకు పైగా వాటిలో ఒక్క కొలతలోనే ఆ సంస్థ రోజుకు పెట్టుకున్న 0.5 మైక్రోగ్రాముల హద్దు దాటి సీసం ఉంది. పాల ప్రోటీన్ పొడుల కంటే మొక్కల పొడుల్లో సగటున తొమ్మిది రెట్లు. మొక్క మట్టిలోంచి పీల్చుకున్నది, ప్రోటీన్‌ను వేరుచేసి చిక్కబరిచేటప్పుడు కూడా వెంట వస్తుంది. ఒక డబ్బా తాగితే ఏదో అయిపోతుందని కాదు గానీ, రోజూ ఏళ్ల తరబడి తాగేదానికి ఇది పెద్ద విషయమే. బ్యాచ్ వారీగా లోహ పరీక్ష ఫలితం అడిగితే పంపే కంపెనీదే కొనండి. చాక్లెట్ రుచి కంటే వెనిలా నయం, కోకోలో కాడ్మియం అనే మరో విష లోహం ఎక్కువ. గర్భిణులు, చిన్నపిల్లలు వీటిని రోజువారీ చేసుకోవద్దు.

ధర పోల్చేటప్పుడు కిలో ధర, సర్వింగ్ ధర రెండూ తప్పుదారి పట్టిస్తాయి. డబ్బా ధరను అందులోని మొత్తం కేలరీలతో భాగించి, 400తో గుణించండి. అదీ ఒక పూట ఖరీదు. ఆ అంకె చూశాక ఇంట్లో చేసుకునేది గుర్తొస్తే తప్పు లేదు. పుట్నాలు 40 గ్రాములు, వేయించిన వేరుశనగ 15, దోరగా వేయించిన అవిసె గింజలు 10, ఒక అరటిపండు, తీపి లేని సోయా పాలు 200 మి.లీ. మిక్సీలో వేస్తే సుమారు 450 కేలరీలు, 20 గ్రాములు దాటి ప్రోటీన్. 55 కిలోల మహిళకు రోజుకు కావాల్సిన 46 గ్రాముల్లో అది దాదాపు సగం. కొవ్వు మాత్రం కోడెక్స్ హద్దును మించుతుంది, బరువు తగ్గడమే పనిగా పెట్టుకుంటే పల్లీలు మానేయండి. బి12, విటమిన్ డి కలపని సోయా పాలైతే అవి ఇందులో రావు, విడిగా చూసుకోవాలి. అవిసె పొడి వారానికి సరిపడానే చేసుకోండి, ఆ పైన నూనె చేదెక్కుతుంది.

పెద్ద డబ్బా కొనే ముందు ఒక పూట సాచెట్లు మూడు నాలుగు తెప్పించుకోండి. తీపికి వేసే స్టీవియా చేదు, బఠానీ పచ్చివాసన ఎవరి నాలుకకు పడతాయో చదివితే తెలియదు. తెరిచాక డబ్బా ఫ్రిజ్‌లో పెట్టొద్దు. తీసి మూత తెరిచినప్పుడల్లా లోపల చెమ్మ చేరి పొడి గడ్డకడుతుంది. పొయ్యికి దూరంగా పొడి అలమరలో ఉంచి, తడి స్కూపు మాత్రం లోపల వదలకండి.