సూపర్ మారియో బ్రదర్స్: ఇన్నేళ్ళయినా ఆ జంప్‌కి తిరుగులేదు, టీవీ సహకరిస్తే

సూపర్ మారియో బ్రదర్స్‌లో కథేంటో, ఎన్ని లెవెల్సో, మ్యూజిక్ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను మాట్లాడేది ఈ పేరుతో 1985లో వచ్చిన మొదటి వీడియో గేమ్ గురించే. ఏడాదికి పైగా దాన్ని మళ్ళీ ఆడుతున్నాను. రోజూ కుదరదు గానీ వారంలో ఏదో ఒక రాత్రి తప్పకుండా ఆడతాను. మొదలుపెట్టింది చిన్నప్పటి మీద బెంగతోనే. ఉత్త బెంగే అయితే రెండు రాత్రుల్లో తీరిపోయేది. ఇన్నాళ్ళు వదలకుండా ఆడటానికి కారణం ఒకటే, మారియో గెంతే తీరు. ఆ తర్వాత చాలా ఆటలు ఆడాను, బొమ్మలు ఎంతో బాగున్నవి, కథలు కన్నీళ్ళు పెట్టించేవి. వేలికీ తెర మీది మనిషికీ మధ్య ఇంత దగ్గరితనం మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు.

ఎ బటన్ మీద వేలు ఎంతసేపు ఉంచితే మారియో అంత ఎత్తు లేస్తాడు. తట్టి వదిలితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్దది. పైకి లేస్తున్నప్పుడు బటన్ పట్టుకున్నంతసేపూ గురుత్వాకర్షణ అతని మీద తక్కువగా పనిచేస్తుంది, వేలు తీయగానే అది పెరిగి కిందికి లాగేస్తుంది. దీనికి పరుగు కూడా తోడవుతుంది. నిలబడి గెంతితే దాదాపు నాలుగు ఇటుకల ఎత్తు వెళ్తాడు, బి బటన్ పట్టుకుని పరుగు మీద గెంతితే దాదాపు అయిదు. గాలిలో ఉండగా ఎడమకో కుడికో కాస్త సర్దుకోవచ్చు. కానీ నిలబడ్డ చోటి నుంచి గెంతితే మాత్రం గాలిలో ఎంత నొక్కినా పరుగు వేగం రాదు. ఆ వేగం కింద నేల మీదే సంపాదించుకోవాలి. అందుకే ఈ ఆటలో ప్రతి పెద్ద గెంతూ గుంట అంచున మొదలవదు, అంతకు నాలుగడుగుల ముందు, పరుగు అందుకున్నప్పుడే మొదలైపోతుంది.

చిన్నప్పుడు ఈ లెక్కలేవీ తెలియకుండానే వేళ్ళు నేర్చేసుకున్నాయి. నేర్పింది ఆటే. 1-1 (అంటే మొదటి ప్రపంచంలో మొదటి లెవెల్) మొదట్లో వచ్చే ఆ పుట్టగొడుగునే తీసుకోండి. ప్రశ్న గుర్తున్న పెట్టెని తలతో కొడితే అది బయటికొచ్చి కుడివైపు జారుతుంది, పైపుకి తగిలి తిరిగి మన మీదికే వస్తుంది. అప్పుడే ఒక గూంబాని, అంటే మన మీదికి నడిచొచ్చే చిన్న శత్రువుని, చూసి ఉన్నాం కాబట్టి ఇది కూడా శత్రువేమో అని కొత్తవాళ్ళు భయపడతారు. తప్పించుకుందామని గెంతితే తల పైన ఉన్న ఇటుకకి తగిలి సరిగ్గా దాని మీదే పడతారు. మారియో పెద్దవాడైపోతాడు. ఈ ఆటని రూపొందించిన షిగెరు మియామోటో బృందం ఆ చోటుని కావాలనే అలా కట్టింది. ఒక్క అక్షరం చదివించకుండా ఎవరు మిత్రుడో చెప్పేశారు, పనిలో పనిగా తల తగిలితే గెంతు మధ్యలోనే తెగిపోతుందని కూడా వేలికి చెప్పేశారు. ఇప్పుడు పెద్దవాడినై చూస్తుంటే ఆ ఒక్క తెర మీదే ఎంత ఆలోచించారో అనిపిస్తుంది.

పైన కనపడే టైం కూడా ఈ పరుగు కోసమే ఉన్నట్టుంటుంది. 400 అని చూపిస్తుంది గానీ అవి సెకన్లు కావు. ఒక్కో అంకె సెకనులో సగం కూడా పట్టకుండా దిగిపోతుంది, మొత్తం కలిపి 160 సెకన్లే. 8-1 అంత పొడుగున్నా ఇచ్చేది 300, అంటే రెండు నిమిషాలు. అక్కడ నడుస్తూ కూర్చుంటే కుదరదు, పరుగెత్తే గెంతాలి.

ఇంతగా పొగుడుతున్న ఈ జంప్, మళ్ళీ మొదలుపెట్టిన కొత్తలో అస్సలు పనిచేయలేదు.

హాల్లో పెద్ద టీవీ, ఇప్పటి కన్సోల్, చందా కట్టి ఆడుకునే పాత ఆటల జాబితా, వైర్ లేని కంట్రోలర్. అన్నీ అమర్చుకుని కూర్చుంటే 1-1లోనే గుంటల్లో పడుతున్నాను. మొదట్లో అలవాటు తప్పిందనుకుని ఊరుకోవచ్చు. కానీ పడే తీరే వేరుగా ఉంది. ఎక్కడ నొక్కాలో తెలుసు, అక్కడే నొక్కుతున్నాను, అయినా మారియో అంచు దాటి ఒక అడుగు వేసి మరీ పడుతున్నాడు. గూంబా మీద దిగాల్సినవాడు దాని ముందు దిగుతున్నాడు. చిన్న గెంతు కావాలని తట్టి వదిలితే ఒక్కోసారి అంతా అయిపోయాక లేస్తున్నట్టుంది. పడితే పడ్డాను, ఆ దగ్గరితనం పోవడమే నాకు నచ్చలేదు. తెలిసిన మనిషి పలకరిస్తే ఆగి ఆలోచించి జవాబు చెబుతున్నట్టు ఉండేది.

మా అక్క కొడుకు సెలవులకొచ్చి పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "మామయ్యా, నువ్వు లేటుగా నొక్కుతున్నావు" అన్నాడు.

"లేదురా, అంచుకి ముందే నొక్కుతున్నాను. కావాలంటే నా వేలు చూడు."

వాడు నిజంగానే తెర వైపు కాకుండా నా బొటనవేలి వైపు చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి, "అవును, నువ్వు ముందే నొక్కుతున్నావు" అని ఒప్పుకున్నాడు. అసలు సంగతి బయటపడింది ఇంకో రాత్రి. ఇంట్లోవాళ్ళు పడుకున్నారని హెడ్‌ఫోన్స్ తెచ్చి టీవీకి కాకుండా కన్సోల్‌కే గుచ్చి వాడు ఆడుతున్నాడు. ఉన్నట్టుండి ఆపేసి, "మామయ్యా, సౌండ్ ముందు వస్తోంది, వీడు తర్వాత ఎగురుతున్నాడు" అన్నాడు.

హెడ్‌ఫోన్స్ తీసుకుని పెట్టుకున్నాను. ఎ నొక్కగానే ఆ గెంతు చప్పుడు చెవిలో పడింది. తెర మీద మారియో ఆ తర్వాత లేచాడు. మధ్యలో చిన్న ఖాళీ, ఒకసారి తెలిశాక దాన్ని పట్టించుకోకుండా ఉండటం ఇక కుదరదు. ఇన్నాళ్ళూ టీవీ స్పీకర్లలో వింటున్నాను కాబట్టి తెలియలేదు. టీవీ బొమ్మని ఆలస్యం చేసినప్పుడు, రెండూ కలిసి రావాలని తన స్పీకర్లలో శబ్దాన్ని కూడా ఆపి పంపుతుంది. కన్సోల్ నుంచి నేరుగా వచ్చిన శబ్దానికి ఆ అడ్డం లేదు. అంటే ఆట సమయానికే పనిచేస్తోంది, బొమ్మ మాత్రం దారిలో ఎక్కడో చిక్కుకుంటోంది.

ఇప్పటి టీవీలు వచ్చిన బొమ్మని వచ్చినట్టు చూపించవు. మచ్చలు తీస్తాయి, కదలికలు నున్నగా కనపడాలని మధ్యలో లేని ఫ్రేముల్ని (ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మల్ని) తామే తయారుచేసి పెడతాయి, చిన్న బొమ్మని సాగదీసి పెద్ద తెరకి సరిపెడతాయి. సినిమాకి ఇదంతా బాగానే ఉంటుంది. ఎవరూ బటన్ నొక్కరు కాబట్టి ఆలస్యం ఎవరికీ తెలియదు. మారియోకి మాత్రం ఇది ప్రాణాంతకం, ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆట సెకనుకి 60 ఫ్రేములతో నడుస్తుంది. పూర్తి పరుగులో మారియో ఫ్రేముకి రెండున్నర పిక్సెళ్ళు (తెర మీది చుక్కలు) కదులుతాడు. ఇటుక వెడల్పు 16 పిక్సెళ్ళు. టీవీ సెకనులో పదోవంతు ఆలస్యం చేసిందనుకుందాం, అది ఆరు ఫ్రేములు, అంటే 15 పిక్సెళ్ళు, దాదాపు ఒక ఇటుక. నాకు కనపడే మారియో ఇంకా అంచుకి ఇవతలే ఉంటాడు, ఆటలో ఉన్న మారియో అప్పటికే గుంట మీద ఉంటాడు. గుంటకి గుంటకి మధ్య ఇరుకు చోట్లు పెట్టిన ఎనిమిదో ప్రపంచంలో ఒక ఇటుక తేడా అంటే మాటలు కాదు. పాత ట్యూబ్ టీవీలో ఈ గొడవే లేదు. సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీత తర్వాత గీతగా తెర మీద గీసేసేది.

మందు టీవీలోనే ఉంది, గేమ్ మోడ్. ఆ ముస్తాబులన్నీ పక్కన పెట్టి బొమ్మని త్వరగా వదిలే సెట్టింగ్ అది. మా టీవీలో మెనూ లోపల మెనూ లోపల దాక్కుని ఉంది. పైగా ఒక్కో పోర్టుకి విడివిడిగా ఆన్ చేయాలి. వైర్ తీసి ఇంకో పోర్టుకి మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంత ముఖ్యమైనదాన్ని అంత లోపల ఎందుకు పెట్టారో, కొన్నప్పుడు ఒక్కరైనా ఎందుకు చెప్పలేదో, దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆన్ చేశాక అదే 1-1 ఆడాను. మొదటి గుంట దాటగానే ఇద్దరం ఒకేసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత కంట్రోలర్‌ని కూడా వైర్‌తో కలిపాను, ఇంకాస్త మెరుగైంది. నా చిన్నప్పటి మారియో పూర్తిగా తిరిగొచ్చాడని అనను గానీ, చాలావరకు వచ్చాడు.

జంప్ బాగుపడ్డాక మిగతా ఆటని తీరిగ్గా చూసే వీలు దొరికింది, అక్కడ నా పొగడ్తలు కొంచెం తగ్గించుకోవాలి. నీళ్ళలో లెవెల్స్‌లో గెంతే లేదు, ఈదుతూ పోవడమే. అవి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. 4-4, 7-4 కోటల్లో సరైన అంతస్తులో పోకపోతే అదే దారి తిరిగి తిరిగి వస్తుంది, అక్కడ వేళ్ళ నేర్పు పనికిరాదు, దారి గుర్తుండాలి. చిన్నప్పుడు గమనించనిది ఇంకోటుంది. 5-3 దాదాపుగా 1-3యే, 6-4 అచ్చం 1-4కి కాస్త కారం తగిలించినట్టుంటుంది. 7-2, 7-3 కూడా 2-2, 2-3ల పాత సరుకే. ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిందని, మేఘాలకీ పొదలకీ ఒకే బొమ్మ రంగు మార్చి వాడారని తెలిశాక కోపం రాదు, గౌరవమే కలుగుతుంది. అయినా ఆడుతున్నప్పుడు మాత్రం అయిదు నుంచి ఏడు దాకా కొంచెం చప్పగానే ఉంటుంది. 8-3లో సుత్తులు విసిరే తాబేళ్ళ దగ్గర నేనింత మెచ్చుకున్న గెంతు కూడా ఒక్కోసారి చాలదు. అవి ఎప్పుడు దూకుతాయో, ఎప్పుడు ఆగుతాయో పట్టుబడదు.

తెర ఎడమవైపు వెనక్కి జరగకపోవడం నాకు అలవాటే. మా వాడికి మాత్రం అది అన్యాయంలా తోచింది. వదిలేసిన నాణేల కోసం వెనక్కి వెళ్ళబోయి తెర అంచుకి గుద్దుకుని, "మామయ్యా, ఇదేంటి, వెనక్కి పోనివ్వదా?" అని నిజంగా బాధపడ్డాడు. వాడు పెరిగిన ఆటల్లో ఏదీ అలా తలుపు మూసేయదు. వాడి బాధ నాకు అర్థమైంది. కానీ ముందుకే పోవాలన్న ఆ తొందర లేకపోతే జంప్‌లో ఇంత పదును ఉండేది కాదేమో.

రివైండ్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పటి కన్సోల్‌లో పడిపోతే కొన్ని సెకన్లు వెనక్కి తిప్పి మళ్ళీ ఆడొచ్చు. మొదట్లో దాంతోనే 8-4 దాకా వెళ్ళి ఆట పూర్తి చేశాను, సంతోషం వేసింది. తర్వాత గమనిస్తే గుంట ముందు గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. పడితే పోయేది ఏమీ లేనప్పుడు పరుగెందుకు, టెన్షన్ ఎందుకు? ఇప్పుడు వాడటం లేదు. దాని బదులు పాత ఆటలోనే ఉన్న సదుపాయం చాలు: గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర మీద ఎ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే, పోయిన ప్రపంచం మొదటి లెవెల్ నుంచి ఆడొచ్చు. చిన్నప్పుడు ఇది మాలో ఎవరికీ తెలియదు, ప్రతిసారీ 1-1 నుంచే. అప్పుడు తెలిసి ఉంటే ఎన్ని సాయంత్రాలు మిగిలేవో. పని, పిల్లల చదువులు ఉన్నవాళ్ళకి రివైండ్ కూడా తప్పేం కాదు, గంట సేపు దొరికితే ఆ గంటలో ఆనందం కావాలి కదా.

ఏ వెర్షన్ ఆడాలని అడిగితే నేను మొదటిదే అంటాను. 1993లో ఆల్ స్టార్స్ పేరుతో వచ్చినదాంట్లో రంగులు, బొమ్మలు ఎంతో బాగుంటాయి, కానీ తలతో ఇటుక పగలగొట్టాక మారియో కిందికి పడకుండా ఇంకా పైకే పోతాడు. జంప్ చేతికి వచ్చినవాళ్ళకి అది వెంటనే తెలిసిపోతుంది. 1999లో గేమ్ బాయ్ కలర్ అనే చేతి కన్సోల్‌కి వచ్చిన డీలక్స్‌లో తెర చిన్నది కావడంతో ముందున్న గుంట ఆలస్యంగా కనపడుతుంది.

చిన్నప్పుడు ఆడినవాళ్ళయితే మళ్ళీ ఆడండని గట్టిగానే చెబుతాను. కుదిరితే చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్‌లో ముందు చూడండి, టీవీ మధ్యలో ఉండదు కాబట్టి తేడా తెలుస్తుంది. టీవీలోనే ఆడాలంటే మొదటి బటన్ నొక్కే ముందు గేమ్ మోడ్ వెతకండి. ఇప్పటి ఆటలతో పెరిగినవాళ్ళకి ఇది నచ్చుతుందని మాట ఇవ్వలేను. మా వాడికి మూడో ప్రపంచం దాకా నచ్చింది, ఆ తర్వాత వాడి ఆటలకి వాడు వెళ్ళిపోయాడు. పాత ట్యూబ్ టీవీ వెతికి తెచ్చుకోవడం మంచిదేనా అంటే, ఇంట్లో చోటూ ఆ బరువు మోసే ఓపికా ఉంటే మంచిదే. మా ఇంట్లో చోటు లేదు. గేమ్ మోడ్, వైర్ కంట్రోలర్‌తో రివైండ్ లేకుండా నేను 8-3 దాకా వస్తున్నాను, ప్రస్తుతానికి ఆ సుత్తి తాబేళ్ళ దగ్గరే ఉన్నాను.