చెకింగ్‌లో బండి ఆపితే: తుపాకీ ఉందని మనమే చెప్పాలా, అడిగేదాకా ఆగాలా?

లైసెన్సు తుపాకీ ఉన్న వాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా పోదు. రాత్రిపూట హైవే మీద పోలీసులు బండి ఆపితే మనంతట మనమే చెప్పాలా, అడిగేదాకా గమ్మునుండాలా? మొన్న డోన్ ఆయన ఒకరు, అనంతపురం వాళ్లు ఇద్దరు ఒకే వారంలో అడిగారు. రెండూ చేసి చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

అడిగేదాకా ఆగుదామనే వాళ్ల మాటలో పస లేకపోలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఆయుధం వెంట ఉన్న మనిషిని లైసెన్సు చూపమని ఏ పోలీసు అధికారైనా అడగొచ్చు. అడిగితే చూపమంది గానీ, అడగకముందే చెప్పమని ఆ సెక్షన్ అనలేదు. పైగా నోరు తెరిచామంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే చెకింగ్ అరగంటకు సాగుతుంది. ఎందుకు తీసుకున్నావు, ఎవరితో గొడవ, ఏ ఊరు మీది? ఊరి పేరు చెప్పగానే ఫ్యాక్షన్ గుర్తొచ్చే వాళ్లు ఇంకా ఉన్నారు. ఈ తలనొప్పి మనమే పిలిచి తెచ్చుకోవడం దేనికని వాళ్ల వాదన. నేనూ చాలాకాలం అట్లే అనుకున్నా.

ఒక వానాకాలం రాత్రి పదకొండు దాటాక మా అక్క కొడుకు బండి నడుపుతుంటే కర్నూలు ఇవతల ఆపారు. అడిగింది ఆర్సీ మాత్రమే. ఆర్సీ డ్యాష్‌బోర్డులో ఉంది. నా రివాల్వర్ కూడా తోలు పౌచ్‌లో అక్కడే ఉంది. వాడు ఏమీ ఆలోచించకుండా చెయ్యి చాపి డ్యాష్‌బోర్డు తెరిచాడు. కానిస్టేబుల్ టార్చి వెలుగు నేరుగా పౌచ్ మీద పడింది. ఆయన రెండడుగులు వెనక్కేసి, "చేతులు స్టీరింగ్ మీద పెట్టు!" అని అరిచిన అరుపు నాకింకా చెవుల్లోనే ఉంది. నా లైసెన్సు బుక్కు ఆ పౌచ్ కిందే ఉంది. అది తీసి చూపాలంటే ముందు రివాల్వర్ పట్టుకోవాల్సిందే! నలభై నిమిషాలు వానలో నిలబడ్డాం. ఎస్ఐ నంబరు సరిచూసి, తూటాలు లెక్కబెట్టి, అన్నీ తిరిగిచ్చేస్తూ ఒక్క మాటే అన్నాడు. "ముందే చెప్పుంటే అయిపోయేది కదా పెద్దాయనా."

ఆ రాత్రి మేం చట్టం ఏమీ దాటలేదు. అయినా ఏ చిన్న తొందరపాటు జరిగినా ప్రాణం మీదికొచ్చేది. అందుకే నా లెక్కలో సెక్షన్ల కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. తుపాకీ సంగతి పోలీసు మొదట మన నోటి నుంచి వింటున్నాడా, తన కంటితో చూస్తున్నాడా? కంటితో చూస్తే మాత్రం తర్వాత మనం ఏం చెప్పినా సంజాయిషీ లాగే వినబడుతుంది.

ఇప్పుడు అద్దం దించి, లోపల లైటు వేసి, చేతులు కనబడేట్టు పెట్టి చెప్తా. "సార్, లైసెన్సు ఉంది, రివాల్వర్ ఉంది. రివాల్వర్ వెనక బ్యాగులో, లైసెన్సు నా చొక్కా జేబులో. తీయమంటారా?" లైసెన్సు అనే మాట ముందు రావాలి, తుపాకీ మాట తర్వాత. ఒరిజినల్ బుక్కే పెట్టుకోండి, జిరాక్సు మీద వాదన పెట్టుకోవద్దు.

చెప్పినంత మాత్రాన హక్కులు వదులుకున్నట్టు కాదు. లైసెన్సు ఇంట్లో మరిచిపోయారనుకోండి, అదే 19వ సెక్షన్ కింద పేరు, చిరునామా అడుగుతారు, అవసరమనుకుంటే ఆయుధం స్వాధీనం చేసుకుంటారు. ఈ సెక్షన్ కింద వారెంటు లేకుండా అరెస్టు చేయాలంటే మనం పేరు చెప్పనన్నా ఉండాలి, అబద్ధం చెప్తున్నామనో పారిపోతామనో వాళ్లకు అనుమానమైనా రావాలి. స్వాధీనం చేసుకుంటే ఆయుధం నంబరు, తూటాల లెక్క రాసిన జాబితా అడిగి తీసుకోండి. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని ఉంది. అది గుర్తు చేయండి, గొంతు పెంచకుండా. బండి సోదాకు మాత్రం "వారెంటు ఏదీ?" అంటే కుదరదు, ఆయుధాల కోసం వాహనం ఆపి వెతికే అధికారం ఆయుధాల చట్టం 23వ సెక్షన్ ఇచ్చింది. అమెరికా వీడియోలు చూసి అక్కడి మాటలు ఇక్కడ వల్లించే కుర్రాళ్లు ఇది గమనించాలి. అక్కడ ఆయుధం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, ఇక్కడ లైసెన్సు ఉంటేనే.

డిక్కీలో తాళం వేసి పోవడం మూడో దారి. అడవిపందుల కోసం డబుల్ బ్యారెల్ ఉన్న శెనక్కాయ రైతులకు అది చాలు. ఎలక్షన్లప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయమన్నారంటే చేసేయడమే, ఇక బండిలో దాని సంగతే ఉండదు.

ఎంత బాగా చెప్పినా పనికిరాని చోటు ఒకటుంది. తుంగభద్ర దాటితే తెలంగాణ. లైసెన్సులో ఏరియా ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే పంచలింగాల చెక్‌పోస్టు దాటాక ఆ బుక్కు చెల్లదు. రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పటి అలవాటుతో పోయేవాళ్లను చూశాను. అలంపురం గుడికి పోయిన ప్రతిసారీ నా రివాల్వర్ బీరువాలోనే ఉంటుంది, తాళం మా ఆవిడ దగ్గర.