ఎయిర్ పిస్టల్ గ్రిప్ స్క్రూ విరిగితే కంగారుపడి డ్రిల్లు పట్టుకున్నవాడికి ఇవ్వకండి

విశాఖలో పిల్లల్ని షూటింగ్‌కి పంపుతున్నవాళ్లూ, సెకండ్ హ్యాండ్‌లో ఎయిర్ పిస్టల్ కొనబోతున్నవాళ్లూ ఇది ఒకసారి చదవండి. 340 రూపాయల స్క్రూ సెట్టు నాకు దాదాపు 6,000 వదిలించింది. అందులో స్క్రూ తప్పు సగమే. మిగతా సగం నా తొందర, ఒక రిపేరు షాపు నిర్వాకం.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం తెచ్చిందగ్గర్నుంచి మా అమ్మాయికి ఇదే లోకం. కొత్త మ్యాచ్ పిస్టల్ ధర విని మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకని ఒక సీనియర్ షూటర్ వాడినది కొన్నాం. పిస్టల్ బంగారం. చెక్క గ్రిప్ మాత్రం కాస్త కదిలేది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచేది కింద నుంచి పైకి వెళ్లే ఒకే ఒక్క పొడుగు ఎం4 (4 ఎంఎం లావు) స్క్రూ. దాని తలలో అలెన్ కీ పట్టే గుంట అరిగిపోయింది. మారిస్తే పోతుందనుకుని ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర సెట్టు తెప్పించాను. ‘స్టెయిన్‌లెస్, హై టెన్సైల్’ అని రాసుంది. తళతళా మెరుస్తోంది కూడా.

3 ఎంఎం అలెన్ కీ పెట్టి బిగిస్తున్నాను. కీ పొట్టి కొనని రెండు వేళ్లతోనే పట్టుకున్నా, బలమేమీ పెట్టలేదు. టక్‌మంది. తల ఊడి చేతిలోకొచ్చింది, మిగతా ముక్క ఫ్రేములో ఉండిపోయింది. విరిగిన చోట చూస్తే ముతక ఇసుకలా బూడిదరంగు గింజలు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఆనిస్తే చటుక్కున అంటుకుంది. మామూలుగా వాడే ఎ2 రకం స్టెయిన్‌లెస్ అయితే అయస్కాంతానికి అంతలా అంటుకోదు. పైన పూత, లోపల నాసిరకం ఇనుము.

అమ్మాయికి మ్యాచ్ పది రోజులుంది. టెన్షన్‌లో, ఎయిర్‌గన్లు రిపేరు చేస్తామని బోర్డు పెట్టుకున్న ఒక షాపుకి పట్టుకెళ్లాను. ‘పది నిమిషాలండీ, రోజూ చేసే పనే’ అన్నాడు. సిలిండర్‌లో గాలుందా, గుండు ఉందా అని ఒక్క మాట అడగలేదు. నేను ఇంట్లోనే సిలిండర్ విప్పేశాను కాబట్టి సరిపోయింది. ఆ మాట అడగని మనిషి దగ్గర్నుంచి నేను అప్పుడే పిస్టల్ తీసుకుని వచ్చేయాల్సింది. గుడ్డ ముక్కయినా అడ్డం పెట్టకుండా ఫ్రేముని వైస్‌లో బిగించాడు. బిట్టు జారకుండా ముందు సెంటర్ పంచ్‌తో చిన్న గుంటయినా కొట్టలేదు, చేతి డ్రిల్లు ఆన్ చేసి దించేశాడు. మొదట బూడిదరంగు పొడి వచ్చింది. ఒక్క క్షణంలో తెల్లగా మెరిసే చుట్టలు చుట్టలుగా రావడం మొదలైంది. అది ఇనుము కాదు, అల్యూమినియం. స్క్రూ గట్టిది, ఫ్రేము మెత్తనిది. బిట్టు మెత్తని వైపుకే జారుతుంది. నేను ‘ఆపండి ఆపండి’ అనేలోపు మర సగం పోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ కన్నంలో ఈజీ అవుట్ అని, విరిగిన స్క్రూలు తీసే పనిముట్టు దించి తిప్పాడు. అది కోసుగా ఉంటుంది, తిప్పేకొద్దీ లోపలికి దిగుతూ స్క్రూ ముక్కనే వెడల్పు చేస్తుంది. ఎం4 లాంటి సన్న స్క్రూలో అది ఇంకా బిగుసుకుపోవడానికే ఎక్కువ అవకాశం. మళ్లీ టక్. ఈసారి విరిగింది ఈజీ అవుట్. అది బాగా గట్టిపరిచిన స్టీలు, మామూలు డ్రిల్లు దాని మీద గీత కూడా పెట్టలేదు. ‘మీ పీసే పాతదండీ’ అన్నాడు. ‘ట్రై చేశాం కదా’ అని 1,500 తీసుకున్నాడు.

తర్వాత ఆటోనగర్‌లో స్పార్క్ ఎరోజన్ మెషిన్ ఉన్నచోట 3,200 ఇచ్చి ఆ ముక్కని తీయించాను. కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని కొంచెం కొంచెంగా తినేసే పద్ధతి అది. ఎంత గట్టి స్టీలైనా ఆగదు. పాడైన చోటంతా బోరు చేసి, బుష్ (చిన్న లోహపు గొట్టం) బిగించి, కొత్తగా మర తీసినందుకు ఇంకో 900. మేస్త్రి పని శుభ్రంగా చేశాడు, ఆయన్ని అనడానికేం లేదు. అయినా గ్రిప్ వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటోంది. నాకు కనపడదు, అమ్మాయి చేతికి తెలుస్తోంది.

ఇదంతా రాయడానికి అసలు కారణం తర్వాత జరిగింది. ఎంవీపీ కాలనీలో ఉండే ఇంకో పాప నాన్నగారు అదే సెల్లర్ దగ్గర అదే సెట్టు కొన్నారు. అదే చోట విరిగింది. ఈసారి ఇద్దరం కలిసి పూర్ణా మార్కెట్ వైపు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. వాచీలు బాగుచేస్తారు. చెక్క గ్రిప్, సిలిండర్ ఇంట్లోనే విప్పేసి, సంగతంతా చెప్పి చూపించాం. కంటికి అద్దం తగిలించుకుని, నోటితో ఒకసారి ఊది చూశారు.

‘తల ఎగిరిపోయిందంటే బిగింపు పోయినట్టే కదా బాబూ. ముక్క లోపల ఊరికే కూచుంది. దీనికి డ్రిల్లెందుకేటి?’

గట్టి సూది లాంటి పనిముట్టు తీసి, ముక్క అంచు దగ్గర, నడిమధ్యలో కాకుండా, గుచ్చి గడియారం ముల్లుకి ఎదురు దిశలో మెల్లగా నెట్టారు. మొదట కదల్లేదు. ఒక చుక్క పల్చటి నూనె వేసి, మాకు టీ చెప్పారు. టీ తాగి మళ్లీ నెడితే రవ్వంత తిరిగింది. నాలుగైదుసార్లు నెట్టేసరికి అంచు పైకి తేలింది. పట్టకారుతో పట్టుకుని తీసి మా అరచేతిలో పెట్టారు. వంద రూపాయలన్నారు. రెండొందలిస్తే వంద వెనక్కిచ్చారు. వాచీలో ఇత్తడి పలకలో ఇనుప స్క్రూ విరిగితే పటిక నీళ్లలో ఉంచి ఇనుమొక్కటే కరిగిస్తామని చెప్పారు. మీరు పిస్టల్ మీద ఆ ప్రయోగం చేయకండి, అందులో ఇంకా బోలెడు స్టీలు భాగాలుంటాయి.

ముక్క కదలకపోతే దానికి కారణం ఉంటుంది. మన ఊళ్లో ముఖ్యంగా ఉప్పుగాలి. స్టీలు స్క్రూ, అల్యూమినియం ఫ్రేము, మధ్యలో తేమ చేరితే మరలో తెల్లటి పొడి కట్టి పట్టేస్తుంది. లేదంటే పాత యజమాని థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా మరకి వేసే జిగురు) వేసి ఉంటాడు. నీలం రంగుదైతే మామూలు పనిముట్లకే వదులుతుంది. ఎర్రదైతే వేడి కావాలి. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ ముక్క మీదే ఆనిస్తే చుట్టుపక్కల రంగు చెడకుండా అక్కడే వేడెక్కుతుంది. ముందు చెక్క తీసేయండి, సిలిండర్ దూరంగా పెట్టండి. గాలి ఎక్కే చోట పెట్రోలియం నూనె చుక్క కూడా పడకూడదు. 200 బార్ ఒత్తిడి గాలిలో నూనెకి నిప్పంటుకోవచ్చు. ఇవేవీ పనిచేయకపోతేనే డ్రిల్లు. అదీ సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, స్టాండు డ్రిల్లు మీద, ఎడమచేతి బిట్టుతో. అది విప్పే వైపుకే తిరుగుతుంది కాబట్టి చాలాసార్లు కన్నం పడుతుండగానే ముక్క బయటికొచ్చేస్తుంది.

స్క్రూలు విడిగా కొనేటప్పుడు మెరుపు చూడకండి. తల మీద ఎ2-70 అనో, 12.9 అనో బలం చెప్పే గ్రేడు అచ్చు ఉందేమో చూడండి. పాత స్క్రూ పట్టుకెళ్లి పొడుగు, మర సరిచూసుకోండి. చివరిదాకా చేత్తోనే తిరగాలి. మధ్యలో పట్టేస్తే కీతో బలవంతం చేయొద్దు.

ఇది ఎయిర్ పిస్టల్ సంగతి. లైసెన్సు పిస్టల్ ఉన్నవాళ్లు ఇలా వాచీ షాపులూ లేత్ షాపులూ తిరగకూడదు. తుపాకీ రిపేరు చేసేవాళ్లకీ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఎయిర్ పిస్టలైనా సరే పెట్టెలోనే తీసుకెళ్లండి, బిల్లు కాపీ పెట్టుకోండి. నేవీ ఉన్న ఊరు, ఆటోలో పెట్టె తెరిచి ముచ్చటగా చూసుకున్నారంటే సాయంత్రం దాకా స్టేషన్‌లోనే.

షాపువాడు ఫోనెత్తడం మానేశాడు. స్క్రూ సెట్టు సెల్లర్ మాత్రం మొదట ‘ఎక్కువ బిగించారు’ అన్నాడు. విరిగిన రెండు ముక్కలూ, అయస్కాంతం అంటుకున్న వీడియో, బిల్లు అన్నీ దాచాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక దారికొచ్చాడు. మొన్న డబ్బు వెనక్కి పడింది. డెలివరీ చార్జీ 60 పట్టుకుని, 280.