స్ప్రింటా, మెర్జ్ విండోనా: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఏది మేలు?

మా ఆఫీసులో రోజూ పదింటికి స్టాండప్. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగావు? పావుగంటలో అయిపోతుంది. రెండు వారాలకో స్ప్రింట్, అంటే ముందే ఎంచుకున్న పనులను ఆ గడువులో ముగించడం. ఒకేచోట కూర్చుని జీతానికి పనిచేసే ఏడెనిమిది మందికి ఇది చక్కగా కుదురుతుంది. దీన్నే ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగలిగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి ఉన్నదున్నట్టు తెద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను.

స్ప్రింట్ మొదట్లోనే 'ఈ పని నాది' అని మాటివ్వాలి. తీరిక వేళల్లో పనిచేసే వాలంటీరు ఆ మాట ఎలా ఇస్తాడు? ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే ఆ శని, ఆదివారాలు పోయినట్టే. పైగా 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి ఈ తరహా పద్ధతుల కోసం తెచ్చిన ఎజైల్ మ్యానిఫెస్టో సూత్రాల్లో ముఖాముఖి మాట్లాడుకోవడమే మేలని ఉంది. తలో దేశంలో ఉన్నవాళ్లకు అదెలా కుదురుతుంది?

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ పద్ధతి చూడండి. ఒక వెర్షన్ విడుదల కాగానే రెండు వారాలు మెర్జ్ విండో తెరుస్తారు. కొత్త ఫీచర్లకు చోటు అప్పుడే. ఆ తర్వాత వారానికో ఆర్‌సీ (విడుదలకు ముందు పరీక్షించే వెర్షన్), అందులో ప్రధానంగా దిద్దుబాట్లే. మొత్తం తొమ్మిది, పది వారాల్లో తర్వాతి వెర్షన్ వస్తుంది. మీ ప్యాచ్ (పంపాల్సిన కోడ్ మార్పు) సిద్ధం కాలేదా? తర్వాతి విండోలో చూసుకోవచ్చు, టెన్షన్ లేదు. ప్యాచ్‌లు ఈమెయిల్‌లో వెళ్తాయి, ఒక్కో ప్యాచ్‌లో ఒక్కటే మార్పు. బగ్ సరిచేస్తూ పనిలో పనిగా వేరియబుల్ పేరు కూడా మార్చారనుకోండి, 'దాన్ని విడిగా పంపండి' అని రివ్యూలో జవాబొస్తుంది. విడదీసి వీ2, అంటే ప్యాచ్ రెండో రూపం, పంపాలి. ఈ చర్చంతా ఆర్కైవ్‌లో ఉంటుంది. ఆ లైను ఎందుకలా ఉందో మూడేళ్ల తర్వాత వచ్చినవాళ్లూ చదువుకోవచ్చు. స్టాండప్‌లో చెప్పింది సాయంత్రానికే గుర్తుండదు.

అయితే గడువే లేకపోతే ఇంకో చిక్కు. లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 3.0 జులై 2002లో వస్తే, 3.1 కోసం జూన్ 2005 దాకా ఆగాల్సి వచ్చింది. డెబియన్ మీదే కట్టిన ఉబుంటు 2004 అక్టోబర్ నుంచి ఆరు నెలలకో విడుదల పెట్టుకుంది. ఉబుంటు 6.06 మాత్రం ఆరు వారాలు ఆలస్యమైంది, అదీ సరైన నిర్ణయమే. అందుకే నా ఓటు విడుదల తేదీకి. మనుషుల మీద పెట్టే గడువుకు కాదు.

ఇద్దరు ముగ్గురే ఉన్న ప్రాజెక్టుకు ఈ క్యాలెండర్ కూడా బరువే, ఇష్యూల (సరిచేయాల్సిన, చేయాల్సిన పనుల) జాబితా చాలు.

స్ప్రింట్ అన్న మాట మాత్రం నాకిష్టమే. అమెరికాలో పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ముగిశాక కొన్ని రోజులు డెవలపర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుని కోడ్ రాస్తారు. దాన్నీ స్ప్రింట్ అనే అంటారు. అనుభవమున్నవాళ్లు పక్కనే ఉండి కొత్తవాళ్ల చేత మొదటి ప్యాచ్ పంపిస్తారు.