లిస్బన్ నుంచి సింట్రాకి "ప్రైవేట్ టూర్" బుక్ చేసేవాళ్ళు, డబ్బు కట్టేముందు ఇది చదవండి

మేం వెళ్ళొచ్చి మూడు వారాలైంది. వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపించుకుని యూరప్ చూపించే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో ఒక్కరికైనా మా డబ్బు పోయినట్టు పోకూడదని రాస్తున్నాను.

మేముండేది జర్మనీలో. ఖమ్మం నుంచి అమ్మానాన్న వచ్చారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, రైళ్ళూ బస్సులూ మారుతూ కొండలెక్కించడం ఎందుకని కారు టూర్ తీసుకున్నాం. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో మా హోటల్ నుంచి ఎక్కించుకుని, దగ్గర్లో ఉన్న కొండ ఊరు సింట్రాలో పెన ప్యాలెస్, కింటా ద రెగలైరా అనే పాత బంగళా, దాని తోట, అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డున కాబో ద రోకా, గిన్షు బీచ్, కాష్కైష్ ఊరు చూపించి సాయంత్రానికి దింపుతామన్నారు. ప్రకటనలో "ప్రైవేట్" అని ఉంది, "ప్యాలెస్ టికెట్లు కలిపి" అని ఉంది, "గైడ్" అని కూడా ఉంది. నలుగురికి 420 యూరోలు. 100 కార్డు మీద కట్టాం, మిగతా 320 పొద్దున్నే డ్రైవర్‌కి క్యాష్ ఇవ్వమని వాట్సాప్‌లో చెప్పారు. ఇచ్చాం. మేం చేసిన పెద్ద తప్పు అదే.

ఎనిమిదిన్నరకి రావాల్సిన వ్యాన్ తొమ్మిదిన్నరకి వచ్చింది, తలుపు తీస్తే లోపల అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు! ఇది ప్రైవేట్ కదా అని మా ఆయన అడిగితే "బండి ప్రైవేటే, పెద్ద బస్సు కాదు కదా" అన్నాడు డ్రైవర్. ఇంకో హోటల్ దగ్గర ఆగి మరో ముగ్గుర్ని ఎక్కించుకున్నాడు. అమ్మ పక్కనుంది, గొడవ ఎందుకులే అని ఊరుకున్నాం. అతను గైడ్ కాదు, డ్రైవర్ మాత్రమే. సింట్రా ముప్ఫై కిలోమీటర్లు కూడా ఉండదు, దారి పొడవునా ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు.

అసలు దెబ్బ పెన దగ్గర తగిలింది. ఆ కొండ మీదికి, పాత ఊళ్ళోకి కార్ల మీద ఆంక్షలున్నాయి, కాబట్టి కింద దింపేసి టుక్‌టుక్ (మన ఆటో లాంటిది) ఎక్కమన్నాడు, దాని డబ్బు మాదే. ఆ సంగతి బుకింగ్‌లో ఒక్క ముక్క లేదు. చేతిలో టికెట్లు పెట్టి రెండు గంటల్లో రమ్మని వెళ్ళిపోయాడు. మా నాన్న 31 ఏళ్ళు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసిన మనిషి, చేతికి టికెట్ వస్తే ముందు అది చదవకుండా ఉండలేరు. పోర్చుగీస్ రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి "అమ్మాయ్, పక్కవాళ్ళ టికెట్ మీద టైమ్ ఉంది, మన దాని మీద లేదేంటి?" అన్నారు. గేటు దగ్గర అడిగితే తేలింది, మాకిచ్చినవి పార్కు టికెట్లు. తోటలో తిరగొచ్చు, భవనం గదుల్లోకి వెళ్ళనివ్వరు. లోపలికి వెళ్ళే టికెట్ వేరే, దానికి ఫలానా టైమ్ అని రాసి ఉంటుంది, ధర కూడా ఎక్కువ. అక్కడే కొందామంటే ఆ రోజుకి మాకు కుదిరే టైమ్ ఒక్కటీ మిగల్లేదు.

నాన్న ఫోన్‌లో ఆ ప్యాలెస్ ఫోటో నెల రోజుల నుంచి ఉంది. ఎర్ర భాగం పాత మఠం, 1755 భూకంపానికి దెబ్బతిని పాడుబడితే రెండో ఫెర్డినాండ్ రాజు 19వ శతాబ్దంలో బాగుచేయించి, పక్కనే పసుపు రంగు భవనం కట్టించాడు. ఇవన్నీ మా ఆయన నాన్నకి చదివి వినిపించాడు. తీరా వెళ్ళి బయట నుంచి ఆ రంగులు చూసి వెనక్కి వచ్చాం. "పోనీలేమ్మా, చూశాంగా" అన్నారు నాన్న. ఆయన అలా అంటుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి, టికెట్ మీద ఉండే టైమ్ పార్కు గేటుది కాదు, ప్యాలెస్ తలుపుది. గేటు నుంచి పైకి నడవడానికి అరగంట పెట్టుకోవాలి, పెద్దవాళ్ళుంటే లోపల తిరిగే చిన్న బస్సు ఎక్కండి, దానికి వేరే డబ్బు. ఆలస్యంగా వెళ్తే టికెట్ ఉన్నా లోపలికి పంపరు. అంటే మాకు సరైన టికెట్లే ఇచ్చి ఉన్నా, ఆ వ్యాన్ ఆలస్యంతో పొద్దుటి టైమ్ ఎలాగూ పోయేది.

రెగలైరాలో 27 మీటర్ల లోతుకి మెట్లు చుట్టూ తిరుగుతూ దిగే బావి ఉంది, అది నేను చూడాలనుకున్నది. క్యూ ఎక్కువుందని రోడ్డు మీద నుంచే గోడ చూపించి పోనిచ్చాడు. భోజనానికి తనకి తెలిసిన హోటల్‌కే తీసుకెళ్ళాడు. అడక్కుండానే బ్రెడ్, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి బల్ల మీద పెట్టి బిల్లులో వేశారు. అక్కడి చట్టం ప్రకారం మీరు అడగనిది, ముట్టుకోనిది బిల్లులో వేయకూడదు. మాకు తెలియక తినేశాం.

కాబో ద రోకా ఐరోపా ఖండానికి పడమటి కొస, సముద్రం మీద 140 మీటర్ల ఎత్తు కొండ అంచు. అక్కడ మాకు ఇచ్చింది పది నిమిషాలు! గాలి ఎంత కొట్టిందంటే అమ్మ చీర కొంగు పట్టుకుని నిలబడటానికే ఆ పది నిమిషాలు సరిపోయాయి. జూన్‌లో కూడా అక్కడ చలేస్తుంది, స్వెట్టర్ తీసుకెళ్ళండి. గిన్షు కిటికీలోంచి చూశాం. కాష్కైష్‌లో ఆగనే లేదు, వేరేవాళ్ళకి ఫ్లైట్ ఉందట.

బుకింగ్ సైట్‌ని అడిగితే టూర్ వాళ్ళని అడగమన్నారు, టూర్ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. బ్యాంకు వాళ్ళు కార్డు మీద కట్టిన 100 గురించి మాట్లాడారు కానీ, క్యాష్‌కి రసీదు లేదు కాబట్టి మేమేం చేయలేమన్నారు. చివరికి పని చేసింది ఫిర్యాదుల పుస్తకం. పోర్చుగల్‌లో కస్టమర్లతో పని ఉన్న ప్రతి వ్యాపారం దగ్గరా "లివ్రు ద రెక్లమసోయిష్" అని ఒకటి ఉండాలి, అడిగితే ఇవ్వాల్సిందే, ఆన్‌లైన్‌లో కూడా ఉంది. 15 పనిదినాల్లో వాళ్ళు జవాబివ్వాలి. నేను ప్రకటన, టికెట్లు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ఫోటోలు పెట్టి రాశాను. పన్నెండో రోజు జవాబొచ్చింది, "పొరపాటున" పార్కు టికెట్లు తీశామని 90 యూరోలు వెనక్కి వేశారు. మిగతా దాని గురించి మాట్లాడట్లేదు, నేను వదల్లేదు.

మీరు బుక్ చేస్తే దయచేసి ముందే రాతపూర్వకంగా అడగండి: బండిలో మేం తప్ప ఇంకెవరైనా ఉంటారా, పెన లోపలికి టికెట్టా లేక పార్కు టికెట్టా, ఎన్నింటికి. వీలైతే ఆ టికెట్లు ప్యాలెస్ అధికారిక సైట్‌లో మీరే కొని, ఆ టైమ్‌కి టూర్ కుదుర్చుకోండి. పోర్చుగల్ పర్యాటక శాఖ దగ్గర టూర్ కంపెనీలకి రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ నంబర్ అడగండి, చెప్పకపోతే వదిలేయండి. క్యాష్ మాత్రం ఇవ్వొద్దు, ఎంత తగ్గిస్తామన్నా ఇవ్వొద్దు.

మర్నాడు మా ఫ్లైట్ రాత్రికి. పొద్దున్నే లిస్బన్‌లో కైష్ దు సుద్రే స్టేషన్‌లో రైలెక్కాం, నీళ్ళ పక్కనే పోతూ నలభై నిమిషాల్లో కాష్కైష్ చేర్చింది, టికెట్ నలుగురికీ కలిపినా ముందురోజు టుక్‌టుక్‌కి ఇచ్చినంత కూడా కాలేదు. స్టేషన్‌కి దగ్గర్లోనే బీచ్. అమ్మ చెప్పులు పక్కన పెట్టి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది, లేవమని తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.