వైబ్రాటో: చేత్తో చేసిన పెడలా, బాస్ కంపెనీదా, ప్రాసెసరా?

"ఎఫెక్ట్‌లన్నీ ఒకే పెట్టెలో ఉండే ప్రాసెసర్‌లో వైబ్రాటో ఉంది కదా, మళ్లీ విడిగా పెడల్ ఎందుకు?" పెడల్స్ తయారుచేసే ఒక చిన్న బిల్డర్ దగ్గర చేత్తో చేసిన వైబ్రాటో పెడల్ (కాలితో నొక్కితే గిటార్ శృతిని పైకీ కిందికీ ఊపేది) తెప్పించుకున్నానని తెలిసినప్పటి నుంచీ అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు గిటార్ వాయించేవాళ్లంతా ఇదే అడుగుతున్నారు. పెద్దవాళ్ల వాదన ఇంకొకటి. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు వేళ్లతోనే పలికించారు, నీకు పెడల్ ఏంట్రా అని.

ముందు పెద్దవాళ్లకు జవాబు చెబుతాను. ఒక్క స్వరానికైతే వేలిని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ ఫ్రెట్ మీద తీగ లాగితే శృతి పైకే పోతుంది, అసలు స్వరం కంటే కిందికి దిగదు. పెడల్ రెండు వైపులా ఊపుతుంది. పైగా ఓపెన్ స్ట్రింగ్స్‌తో (వేలు ఆనించని తీగలతో) పట్టిన కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు మొత్తాన్ని వేళ్లతో ఊపడం ఎవరి తరమూ కాదు. గిటార్‌కు తీగలన్నిటినీ ఒకేసారి ఊపే కడ్డీ, ట్రెమొలో ఆర్మ్ ఉంటే ఊపొచ్చు, ఆ తర్వాత ట్యూనింగ్ సరిచేసుకుంటూ కూర్చోవాలి. యూనివైబ్ అనే రకం పెడల్ సంగతీ అడుగుతుంటారు. 1969లో అమెరికాలోని వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గిటారిస్టు జిమి హెండ్రిక్స్ వాడిన సౌండ్ అది, బాగుంటుంది. అయితే బల్బు వెలుగుతో ఫేజ్ మార్చే ఆ పెడల్ దారే వేరు, ఇక్కడ దాంతో పనిలేదు.

ఇక మిగిలినవి మూడు: బాస్ (Boss) కంపెనీ వైబ్రాటో పెడల్ వీబీ-2డబ్ల్యూ, నా దగ్గరున్న చేత్తో చేసిన పెడల్ (చేతి పెడల్ అందాం), ప్రాసెసర్. మొదటి రెండూ అనలాగ్. పూరిల్లు అంటుకుంటే జనం వరసగా నిలబడి నీళ్ల బిందెలు చేతులు మార్చినట్టు, లోపల సౌండును కాస్త ఆలస్యం చేసే బీబీడీ అనే చిప్ దాన్ని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు అందిస్తుంది. ఆ అందించే వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటే శృతి ఊగుతుంది. దానికి అసలు సౌండును కూడా కలిపితే కోరస్ అనే ఎఫెక్ట్, కలపకపోతే వైబ్రాటో. బాస్ మొదటి వీబీ-2 వచ్చింది 1982లో. కొన్నేళ్లకే ఆపేసి, 2016లో వాజా క్రాఫ్ట్ అనే వరసలో వీబీ-2డబ్ల్యూగా మళ్లీ తెచ్చారు. నా పెడల్‌లో ఉన్నది 1024 మెట్ల వీ3207 చిప్.

సౌండ్ నాణ్యత గురించి ఎన్ని గంటలైనా వాదించుకోవచ్చు. నా లెక్కలో తేల్చేది అది కాదు, ఊగడం ఎలా మొదలవుతుందన్నదే. పాడేవాళ్లను గమనించండి. పల్లవి చివర స్వరాన్ని ముందు నిటారుగా నిలబెడతారు, కాసేపటికి మెల్లగా కంపనం మొదలై పెరుగుతుంది. పెడల్ నొక్కీ నొక్కగానే స్వరం పూర్తిగా ఊగిపోతే పక్కన కీబోర్డ్ వాయించేవాడు తిరిగి చూస్తాడు, గిటార్ శృతి తప్పిందేమో అని. నేను వాడిన ప్రాసెసర్లో జరిగేది ఇదే. రేట్ (ఎంత వేగంగా ఊగాలి), డెప్త్ (ఎంత ఊగాలి) ఉంటాయి, ఆన్ చేస్తే మొత్తం ఒక్కసారే వచ్చి పడుతుంది. మీ మోడల్‌లో ఊపు మెల్లగా పెరిగేలా చేసే రైజ్ టైమ్ లాంటిది ఉంటే ముందు దాన్ని వాడి చూడండి, డబ్బులు మిగులుతాయి.

బాస్‌లో రైజ్ టైమ్ నాబ్ ఉంది, కాలు పెట్టినంతసేపే మోగే అన్‌లాచ్ మోడ్ కూడా ఉంది. చాలామందికి అది చాలు. చేతి పెడల్ ఇంకో అడుగు ముందుకేసింది. స్విచ్ నొక్కి పట్టుకుంటే డెప్త్‌తో పాటు రేట్ కూడా నెమ్మదిగా ఎక్కుతుంది. స్లో పాటలో, చివరి మైనర్ కార్డ్ కొట్టి వదిలి, అది కాస్త సన్నబడ్డాక కాలు ఆనిస్తే, కార్డ్ మొదట ఒకవైపు ఒరిగినట్టుండి తర్వాత వణకడం మొదలుపెడుతుంది. అది విన్నాక నా మనసు అటే మొగ్గింది, దాచడం దేనికి. సెట్టింగ్ మాత్రం జాగ్రత్త. ఈ రకం పెడల్స్‌లో డెప్త్ కదపకుండా రేట్ ఒక్కటే పెంచినా శృతి ఇంకా ఎక్కువ ఊగుతుంది. అందుకే రేట్ పైకి వెళ్లేకొద్దీ డెప్త్ కిందికి తేవాలి.

బాస్ గెలిచేది కాలి కింద. చర్చిలో చెప్పులు విప్పి వాయించేవాళ్లం కదా. చేతి పెడల్‌కున్నది గుండ్రటి స్టీలు స్విచ్. దాన్ని రెండు బార్ల (తాళపు ఆవర్తాల) పాటు నొక్కి పట్టుకుంటే అరికాలికి గుచ్చుకుంటుంది. బాస్‌కున్న వెడల్పాటి రబ్బరు పలక మీద పాదం హాయిగా ఆనుతుంది. క్రిస్మస్ నెలంతా రోజూ వాయించేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. చేతి పెడల్ నాబ్‌ల మీద పేర్లు కూడా లేవు, స్టేజి చీకట్లో తడుముకోవాలి.

రిపేరు దగ్గర మళ్లీ చేతి పెడలే మేలు. నాలుగు స్క్రూలు విప్పి చూశాను. పార్టులకు పొడవాటి తీగ కాళ్లున్నాయి, చిప్‌లు సాకెట్లలో ఉన్నాయి. టంకం పెట్టడం వచ్చిన టీవీ మెకానిక్ ఎవరైనా చూడగలడు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి జాక్‌లు, నాబ్‌ల కింద ఉండే పాట్‌లు గరగరమనడం మనకు కొత్త కాదు, ఆ బాధ రెండింటికీ ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ దగ్గర పెట్టుకోండి.

నెలకో పెళ్లి ప్రోగ్రాం, నాలుగు ఆదివారాలు వాయించే కుర్రాళ్లకు ప్రాసెసర్ చాలు. స్టేజి మీద గట్టిగా తొక్కి, మళ్లీ దాని గురించి ఆలోచించకూడదనుకునేవాళ్లు బాస్ కొనుక్కోండి. నెమ్మది పాటలు, ఒంటరి కార్డ్‌లు ఇష్టమైతే, ఆర్డరిచ్చి ఎదురుచూసే ఓపిక ఉంటే చేతి పెడల్. బాస్, చేతి పెడల్ రెండూ 9 వోల్టులే, సెంటర్ నెగెటివ్ (అడాప్టర్ పిన్ మధ్యలో నెగెటివ్). మీ కోరస్ పెడల్ కూడా బీబీడీదే అయితే దానికీ, వైబ్రాటోకీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంట్ ఇవ్వకండి. చిప్‌లను నడిపే రెండు క్లాక్‌లూ ఒకదానికొకటి తగిలి సన్నటి ఈల రావచ్చు. జనరేటర్ మీద నడిచే తీర్థం స్టేజీ మీద ఆ ఈల ఎక్కడి నుంచి వస్తోందో వెతికే టైం ఉండదు.